పద్నాలుగో నంబరు కర్ర

పద్నాలుగో నంబరు కర్ర మీద నీటికాకి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

భవాని బైనాక్యులర్స్ దించి ఉత్త కళ్లతో చూసింది. మళ్లీ ఎత్తి చూసింది. పసుపు రంగు పూసిన జామాయిల్ కర్ర. దాని మీద నల్లరంగుతో అంకె రాసింది తనే. మే నెలలో, ఎండకు రంగు డబ్బాలోనే గట్టిపడుతుంటే, కిరోసిన్ చుక్కలు కలుపుకుంటూ రాసింది. బోడగుట్ట చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లెక్కకట్టి ఆ అంచున పాతిన ఇరవై రెండు కర్రల్లో అదొకటి. లెక్క ప్రకారం నీళ్లు దాని మొదలు తాకి ఆగాలి. ఇప్పుడది చెరువు మధ్యలో నిలబడి ఉంది. నీటి అంచేమో పావు కిలోమీటరు ఇవతల, భవాని చెప్పుల దగ్గర ఉంది.

నోటుబుక్కులో నీటికాకి, ఒకటి అని రాసుకుంది. కింద ఇంకేదో రాయబోయి ఆగిపోయింది.

జిల్లాలో పన్నెండు చెరువులను చిత్తడి నేలలుగా ప్రకటించడానికి కాగితాలు తయారవుతున్నాయి. ఏ చెరువు హద్దు ఎంతవరకు, అందులో ఏ పిట్టలున్నాయి, ఏ చేపలున్నాయి, దాని మీద ఎవరు బతుకుతున్నారు అన్నీ రాసివ్వాలి. సుబేదారిలోని ఆఫీసులో భవాని ఆ పని మీదే కాంట్రాక్టు అసిస్టెంటు. ఒకసారి గీత ఖాయమైతే గీత లోపల మట్టి పోయడానికి, ప్లాట్లు చేయడానికి వీల్లేదు. గీత బయట ఎవరిష్టం వాళ్లది. బోడగుట్ట చెరువు పటం శుక్రవారం కమిటీ ముందుకు పోతుంది. ఈ రోజు సోమవారం.

"ఏం జూస్తానవ్ బిడ్డా, పిట్టనా, కర్రనా?"

కట్టమ్మ మత్తడి దిక్కు నుంచి వస్తోంది. చీర మోకాళ్ల పైకి దోపుకుని, భుజాన పార పెట్టుకుంది. అరవై దాటిన మనిషి. ఆమె భర్త ఈ చెరువు నీరటి, తూము తీసి మూసి పొలాలకు నీళ్లు పంచేవాడు. ఆయన పోయాక ఆ పని ఎవరూ ఇవ్వకుండానే ఆమె చేతికి వచ్చింది.

"కర్ర మునిగింది పెద్దమ్మా."

"కర్ర మునుగలే. దాన్ని తప్పు జాగల పాతిండ్రు. గా ఎండల మీ సారుకు చెప్పినగదా. 'మిషన్ చూస్తాంది ముసలమ్మా, జర పక్కకు జరుగు' అన్నడు. జరిగిన." పార కింద పెట్టి నవ్వింది. "మిషన్ల నేను అడ్డమొచ్చిన్నట."

భవానికి నవ్వు రాలేదు. ఆ రోజు తను మిషన్ దగ్గర లేదు. దూరంగా మత్తడి మీద, అంకెలున్న పొడుగు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆఫీసులో ఆ కర్రను స్టాఫ్ అంటారు. తన పై అధికారి రాంప్రసాద్ సార్, ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్లోంచి చూసి అంకె చెప్పాడు. స్టాఫ్ ఎక్కడ నిలబెట్టాలో చూసుకున్నది మాత్రం తనే.

"మత్తడి దగ్గరికి పోదాం పెద్దమ్మా, ఒకసారి చూపెట్టు."

మత్తడి అంటే చెరువు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే రాతిగోడ. దాని తల ఎంత ఎత్తుంటే చెరువు అంత నిండుతుంది. హద్దు గీతకు అదే మూలం. మే నెలలో ఆ గోడ రెండు కొసలూ మట్టిలో, తుమ్మకంపలో కూరుకుపోయి ఉన్నాయి. నడుమ ఆరేడు గజాలు మాత్రం శుభ్రంగా, సమంగా కనిపించింది. భవాని అక్కడే స్టాఫ్ నిలబెట్టింది.

ఇప్పుడు ఆ ఆరేడు గజాల్లో తాటిమొద్దులు, వాటి వెనక మట్టి నింపిన యూరియా సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. నీళ్లు సంచుల తలకు నాలుగు వేళ్ల కింద ఆగి ఉన్నాయి.

"ఇవెవరు పెట్టిన్రు?"

"నేను, చేపలోళ్లు. ఏటేటా పెడ్తం. పెద్ద వరద పొయినంక, ఇగ వానలు అయిపోతయనంగ కడ్తం. లేకుంటే రెండడుగుల నీళ్లు పోతయ్."

"మత్తడి ఇంతే కదా, దాని మీద సంచులు పెడితే..."

కట్టమ్మ ఆమె వైపు అదోలా చూసింది. సంచుల పక్కన వంగి, పార కొసతో సిమెంటును గీకింది. "ఇది మత్తడి కాదు బిడ్డా, మత్తడికి పడ్డ బొక్క. పైన కిషన్ రావు దొర పొలం మునుగుతాందని రెండు వరసల రాళ్లు తీపిచ్చిండు. పదేండ్లయితాంది. మీద సిమెంటు పూపిచ్చిండు, సాపుగ కనవడాల్నని. మా ఆయన అడ్డం పోతే 'నీకు పట్టా ఉన్నదా' అన్నడట."

భవాని సిమెంటు మీద చేయి పెట్టింది. నున్నగా ఉంది. స్టాఫ్ నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదని ఆ రోజు అనుకున్నట్టు ఆమెకు స్పష్టంగా గుర్తుంది.

*

"సంచులు తీపిస్తే నీళ్లు దిగి నీ కర్ర కాడికే వస్తయ్," అన్నాడు రాంప్రసాద్. మంగళవారం పొద్దున ఆఫీసులో ఆయన టేబుల్ మీద పన్నెండు చెరువుల ఫైళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. "వాళ్లు పర్మిషన్ లేకుండ సంచులు పెట్టిన్రు. అది మన మిస్టేక్ కాదు."

"సార్, సంచులు పెట్టింది పగలగొట్టిన చోట. అసలు మత్తడి రెండడుగులు ఎత్తున్నది."

"ఎవరు చెప్పిన్రు?"

"కట్టమ్మ."

"కమిటీల గా మాట చెప్తవా? కట్టమ్మ చెప్పింది అని?"

భవాని పటం మీద వేలు పెట్టింది. "రెండడుగులంటే నలభై మూడు ఎకరాలు సార్. పిట్టలు మేసేదంత ఆ లోతు లేని జాగలనే. చేపలు గుడ్లు పెట్టేది గూడ అక్కడనే. మన గీత ప్రకారం అదంత బయటికి పోతాంది. అక్కడ ప్లాట్ల కోసం ఎవరో వచ్చి చూసిపోయిన్రట."

రాంప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాదు. జ్వరంతో కూడా ఎండలో నిలబడి రీడింగులు తీసిన మనిషి. "చూడు భవానీ. ఒక చెరువు తప్పని మనమే అంటే, మిగిలిన పదకొండు కరెక్టేనా అని అడుగుతరు. మొత్తం మళ్లా చూడమంటరు. ఫీల్డ్ షీట్ మీద నీ సంతకం ఉన్నది, కింద నాది. నీ కాంట్రాక్టు ముప్పై ఒకటికి అయిపోతది. రెన్యూవల్ లెటర్ గీ ఫైల్లనే ఉన్నది, రేపో ఎల్లుండో పంపుదామని పెట్టిన. కొంచెం ఆలోచించు."

బెదిరించినట్టు అనలేదు. వర్షం వచ్చేలా ఉంది, గొడుగు పట్టుకుపో అన్నట్టు అన్నాడు.

సాయంత్రం గదికి పోయే దారిలో భవాని డోర్నకల్‌కు ఫోన్ చేసింది. తండ్రి రాయమల్లు రైల్వేలో కీమ్యాన్. రోజూ సుత్తె భుజాన వేసుకుని తన వాటా పట్టాల వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే కీలు ఊడితే కొట్టి బిగించడం ఆయన పని.

"డ్యూటీ దిగినవా బాపూ?"

"ఇప్పుడే కాళ్లు కడుక్కుంటాన. ఏందే, గొంతు గట్లున్నది?"

చెప్పింది. స్టాఫ్ అంటే ఏమిటో, మత్తడి నడుమ బొక్క ఏమిటో, శుక్రవారం ఏమిటో. అవతల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు కొంతసేపు వినిపించి ఆగిపోయింది.

"నీ కర్ర నువ్వే తప్పు జాగల పెట్టినవా?"

"నేనే."

"నాకొక పాలి గట్లనే అయింది. గార్ల దిక్కు పట్టాకు పర్రె కనవడ్డది, సన్నగ పగిలింది. నిన్న నేను నడిచిన జాగనే. నిన్న జూడలేదా అని అడుగుతరని తెలుసు."

"ఏం జేసినవ్?"

"ఏం జేస్త? ముందుగల ఎర్రజెండా పాతిన. బండి నలభై నిమిషాలు ఆగింది. తర్వాత నాకు మెమో ఇచ్చిన్రు, తీసుకున్న. నిన్న ఎందుకు జూడలేదంటే, జూసిన గని కనవడలేదని రాసిచ్చిన." మళ్లీ చెంబు చప్పుడైంది. "బండి మాత్రం పట్టాల మీదనే పొయింది. అన్నం తిన్నవా?"

*

"నేను ఇయ్యాల పిట్టల లిస్టు పూర్తి చేసొస్త సార్. లెవెల్ తీసుకపోవచ్చా?" అని బుధవారం పొద్దున్నే ఆఫీసులో అడిగింది భవాని.

రాంప్రసాద్ ఫైలులోంచి తల ఎత్తలేదు. "పిట్టల లిస్టుకు లెవెల్ ఎందుకో నాకు తెల్వది. బీరువా తాళం మేకుకు ఉన్నది."

నెక్కొండ స్టేషన్లో దిగి, మూడుకాళ్ల స్టాండు ఒక భుజాన, లెవెల్ పెట్టె ఒక చేత, స్టాఫ్ సంచి ఇంకో చేత పట్టుకుని ఆటో ఎక్కింది. ముందే కబురు అందిన కట్టమ్మ కట్ట మీదే ఎదురుచూస్తోంది. ఇద్దరు చేపలవాళ్లను కూడా తెచ్చింది.

"అసలు మత్తడి ఎక్కడున్నదో తెలుసా పెద్దమ్మా?"

"మత్తడి యాడికి పోతది? మట్టి కిందనే ఉన్నది."

ఉత్తరపు కొసన తుమ్మకంప నరికి తవ్వడం మొదలుపెట్టారు. బండ్లబాట కోసం ఎవరో పోసిన మొరం అది. పార దిగకపోతే గడ్డపార వేశారు. భవాని కూడా చున్నీ నడుముకు కట్టుకుని తట్టలో మట్టి ఎత్తిపోసింది. రెండు గంటలు తవ్వాక మోకాలి లోతులో గడ్డపార ఖంగుమంది. చేత్తో మట్టి తుడిస్తే నల్లరాయి పలక బయటపడింది. పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. అంచులు ఒకదానికొకటి అతికినట్టున్నాయి. వాటి మీద ఎక్కడా సిమెంటు లేదు.

కట్టమ్మ కొంగుతో రాయి తుడిచింది. ఇంట్లో మనిషి మొహం తుడిచినట్టు రెండుసార్లు తుడిచింది.

దక్షిణపు కొసన కూడా తవ్వి చూశారు. అక్కడా అదే రాయి.

భవాని స్టాండు కాళ్లు బిగించి, లెవెల్ ఎక్కించి, మరలు తిప్పుతూ గాజుబుడగను నడిమికి తెచ్చింది. చదువుకునేటప్పుడు ల్యాబులో చేసింది. ఫీల్డులో ఎప్పుడూ స్టాఫ్ పట్టుకోవడమే తప్ప మిషన్లోంచి చూసింది లేదు. మొదట, ఎత్తు ముందే తెలిసిన పాత గుర్తురాయి మీద, తర్వాత బొక్క అంచున సిమెంటు మీద, తర్వాత కొత్తగా బయటపడ్డ రాళ్ల మీద కట్టమ్మ స్టాఫ్ పట్టుకుంది. ప్రతి అంకె భవాని మూడుసార్లు చూసి రాసుకుంది. రెండు కొసల రాళ్లకూ తేడా లేదు. సిమెంటు వాటికన్నా అరవై ఒక్క సెంటీమీటర్లు కింద ఉంది. సరిగ్గా రెండడుగులు.

"ఇప్పుడు సంచుల మీద పట్టు పెద్దమ్మా."

అంకె చూసింది. కన్ను తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది. సంచుల తల, మట్టిలో ఉన్న రాతి తల దాదాపు ఒకటే ఎత్తు. తేడా ఒకటిన్నర సెంటీమీటర్లు.

"రాళ్లు మట్టిల ఉన్నయి గదా. చూడకుంట సంచులు గింత సమంగ ఎట్ల పెట్టినవ్?"

కట్టమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది. తూము దగ్గరికి తీసుకుపోయి, నీళ్లలో నిలబడ్డ రెండు రాతి స్తంభాలు చూపించింది. ఒకదాని మీద అడ్డంగా చెక్కిన గాటు ఉంది. నీళ్లు దాని కింద నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి.

"గాటు దాక నీళ్లొస్తే చెరువు నిండినట్టు. మా మామ మా ఆయనకు చూపెట్టిండు, ఆయన నాకు చూపెట్టిండు. గాలిలేని పొద్దటిపూట గాటు అంటంగ మత్తడి మీద ఒక్క సంచి తల తడవొద్దు. తడిసిందంటే సంచి తక్కువైనట్టు, ఇంకింత మట్టి ఎయ్యాలె. నీళ్లు ఈడొక తీరు, ఆడొక తీరు ఉండయి గదా."

భవాని చేతిలోని మిషన్ వైపు చూసుకుంది. దాని గాజుబుడగలో ఉన్నదీ చెంచాడు ద్రవమే. నలభై మూడు ఎకరాలను కాగితం మీద పోగొట్టింది తన చదువు. పదేళ్లుగా నీళ్లలో నిలబెట్టింది ఈమె పార. సిగ్గు వేయాల్సిన చోట ఆమెకు ఎందుకో గుండె నిండినట్టయింది. పుస్తకం తీసి గాటు ఎత్తు కూడా కొలిచి రాసింది. చివరి వరసలో, కొలత చూపినవారు అని రాసి, నీరటి కట్టమ్మ అని పేరు పెట్టింది.

"నా పేరెందుకు?"

"కమిటీల నీ మాట చెప్తవా అని అడిగిన్రు. చెప్త."

*

గురువారం రాంప్రసాద్ ఆ పేజీలన్నీ రెండుసార్లు చదివాడు. కాలిక్యులేటర్ తీసి తనే లెక్క వేసుకున్నాడు. చాలాసేపటికి, "వానకాలం తర్వాత సవరించిన గీత అని రాద్దాం," అన్నాడు. "నీళ్లు చూసి సవరించినట్టు. తప్పు అన్న మాట వద్దు. పని అయితది, ఎవరికీ ఏం కాదు."

భవాని ఆ మాటను తూచి చూసింది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. "సవరించినమంటే, కిషన్ రావు సారు సంచులు తీసేసి మళ్ల సవరించుమంటడు సార్. నీళ్లను చూసి గీసిన గీత నీళ్లతోనే పోతది. రాయిని చూసి గీసినమని చెప్పాలె. చెప్పాలంటే మే నెలల రాయి మీద పెట్టలేదని గూడ చెప్పాలె."

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "నువ్వే చెప్తవా?"

"నేనే చెప్త. స్టాఫ్ పట్టుకున్నది నేను."

శుక్రవారం కమిటీ గదిలో పొడుగు బల్లకు ఒక వైపు అధికారులు, ఇంకో వైపు అభ్యంతరాలు చెప్పుకునేవాళ్లు కూర్చున్నారు. అధ్యక్షత వహించిన శోభారాణి ముందు పటం పరిచి ఉంది. కిషన్ రావు తెల్లచొక్కా వేసుకుని, పాత పటం నకలు చేతిలో పట్టుకుని వచ్చాడు. తన పొలాన్ని గీత బయట ఉంచిన ఆ పటం ఆయనకు బాగా నచ్చింది.

భవాని లేచి నిలబడింది. పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టింది.

"మేడం, మే నెలలో మత్తడి మీద రీడింగ్ తప్పు. స్టాఫ్ నేను పట్టుకున్నాను. పగలగొట్టి సిమెంటు పూసిన చోట పెట్టాను. అసలు రాయి రెండడుగులు ఎత్తున ఉంది. బుధవారం తవ్వి కొలిచాం."

శోభారాణి తల ఎత్తింది. "అక్కడే ఎందుకు పెట్టారు?"

"శుభ్రంగా ఉండె మేడం. కర్ర నిటారుగా నిలబడ్డది. రెండు కొసలు తవ్వి చూడాల్సింది, చూడలేదు."

కిషన్ రావు నవ్వాడు. "చూసిన్రా మేడం. కర్ర యాడ పెట్టాల్నో తెల్వని పిల్లను పెట్టుకున్నరు. మే నెలల ఒకటి చెప్పె, ఇప్పుడొకటి చెప్పె. రేపు ఇంకోటి చెప్తది. దేన్ని నమ్మాలె?"

ఆ మాట భవానికి తగిలింది. అందులో న్యాయం లేకపోలేదు. రాంప్రసాద్ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆయన బల్ల మీది కాగితాలనే చూస్తున్నాడు.

"నన్ను నమ్మొద్దు సార్," అంది భవాని. "మీరే వచ్చి కొలిపించుకోండి. రాళ్లు మూయకుండా ఉంచినం."

శోభారాణి ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి నేనూ వస్తాను. కిషన్ రావు గారూ, మీ తరఫున మీకు నమ్మకమున్న సర్వేయర్‌ని తెచ్చుకోండి. అంతవరకు ఏ పటమూ లేదు."

*

శనివారం చెరువు మీద గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కిషన్ రావు తెచ్చిన సర్వేయర్ మహబూబాబాద్ మనిషి. మాట్లాడకుండా తన మిషన్ తనే బిగించుకున్నాడు, తన మనిషి చేతే స్టాఫ్ పట్టించాడు. ముందు సిమెంటు మీద, తర్వాత రాళ్ల మీద, తర్వాత తూము గాటు మీద. ఒక్కో అంకెను గట్టిగా చదివాడు. భవాని తన బుధవారపు పేజీ తెరిచి శోభారాణి చేతికిచ్చి పక్కకు నిలబడింది. మేడం పెన్నుతో ఒక్కొక్కటీ సరిచూసింది.

"అరవై ఒకటి," అన్నాడు సర్వేయర్ చివరికి. కిషన్ రావు ఏదో చెవిలో చెబితే తల అడ్డంగా ఊపాడు. "మీరు ఇంకొక మనిషిని తెచ్చినా అంతే వస్తది సార్. రాయి అబద్ధమాడదు గదా."

కిషన్ రావు బూటుకంటిన మట్టిని గట్టు రాయికి రాసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని కారు వైపు నడిచాడు.

శోభారాణి పేజీ చివరి వరస చదివింది. "కట్టమ్మ ఎవరు?"

"నేనే," అంది కట్టమ్మ, పార దించకుండా.

"ఈ గాటు సంగతి మా కాగితాల్లో ఎక్కడా లేదు."

"మీరు అడగలేదు గదా బిడ్డా."

మేడం నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఆ వరస కింద తన సంతకం పెట్టి పుస్తకం భవానికి ఇచ్చింది. "మే నెల పేజీ చింపవద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన తారీఖు వేసి, సంతకం పెట్టండి. మిగిలిన పదకొండు చెరువుల మత్తళ్లు కూడా కొసలు తవ్వి చూడండి. ఎంత టైం కావాలి రాంప్రసాద్ గారూ?"

"రెండు నెలలు మేడం." ఆయన భవాని వైపు చూశాడు. "భవాని ఉంటే."

జీపు వెళ్లిపోయాక భవాని కట్ట మీద కూర్చుని మే నెల పేజీ తీసింది. తన చేతిరాతే, గుండ్రంగా, ఏ అనుమానమూ లేకుండా. అంకె మీద ఒక్క గీత కొట్టింది. కింది అంకె కనిపించేలాగే కొట్టింది. తారీఖు వేసి సంతకం పెట్టింది.

అప్పటికే చేపలవాళ్లు తెప్ప మీద పోయి పద్నాలుగో నంబరు కర్రను పీకి తెచ్చారు. అడుగు భాగం నల్లబడి, నాచు పట్టింది. దాన్ని కొత్త చోట పాతడానికి ముందు ఎత్తు సరిచూడాలి. భవాని అలవాటుగా స్టాఫ్ కోసం చేయి చాపింది. అది అక్కడ లేదు. రాంప్రసాద్ దాన్ని భుజాన పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తడిసిన గడ్డిలో అవతలికి నడుస్తున్నాడు.

"సార్, నేను పట్టుకుంట."

"నువ్వు మిషన్ల చూడు," అన్నాడు ఆయన వెనక్కి తిరగకుండా. "ఎక్కడ పెట్టాల్నో చెప్పు."

భవాని గాజుబుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పి, కన్ను ఆనించింది. ముందు మసకగా కనిపించింది. తర్వాత గడ్డి, దాని మీద స్టాఫ్ అంకెలు, స్టాఫ్ పట్టుకున్న సారు వేళ్లు స్పష్టమయ్యాయి. పక్కనే పసుపు కర్ర పట్టుకుని కట్టమ్మ. అటు నుంచి ఆమె గొంతు నీళ్ల మీదుగా వినిపించింది.

"నిటారుగ పట్టుకో సారూ. బిడ్డ చూస్తాంది."